గ్యాలరీలో మా కుటుంబానికి చోటెక్కడ?

2023 జూలై 4, మంగళవారం. బెంగళూరు కంఠీరవ స్టేడియంలో శాఫ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. భారత్, కువైట్ జట్ల మ్యాచ్. ఆ రోజు గ్యాలరీలో కూర్చున్న పాతిక వేల పైచిలుకు జనంలో మేం ఆరుగురం ఉన్నాం. అమ్మ, మేమిద్దరం, పదమూడేళ్ల మా పాప, బెంగళూరులో బేల్దారి పని చేసే అక్కా బావా. ఇంటిల్లిపాదీ కలిసి ఒక అంతర్జాతీయ మ్యాచ్ చూడటం మా ఇంట్లో అదే మొదలు. మా ఎస్సీ కాలనీలో కూడా అదే మొదలు.

అక్క ఆ ఊళ్లో పన్నెండేళ్లుగా ఉంటోంది. కంఠీరవ ముందు నుంచే సిటీ బస్సులో పనికి పోయి వస్తుంటుంది. ఆ రోజు గేటు దగ్గరికి రాగానే ఆగిపోయింది. "లోపలికి మనల్ని పోనిస్తారంటావా?" అని అడిగింది. చేతిలో టికెట్ ఉంది, కొన్నది తనే. అయినా అడిగింది. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

అంతర్జాతీయ ఫుట్‌బాల్ గురించి ఈ ఏడాది చాలా వింటాం. అమెరికా, కెనడా, మెక్సికోల్లో జూన్ 11 నుంచి జూలై 19 దాకా ప్రపంచకప్. 48 జట్లు, 104 మ్యాచ్‌లు. 'కుటుంబంతో కలిసి చూడండి' అన్న ప్రకటనలు ఫోన్లలో తిరుగుతాయి. ఏ కుటుంబం కలిసి చూడగలదు, ఏ కుటుంబం చూడలేదు అన్నది మాత్రం ఎవరూ అడగరు. మనం అడుగుదాం.

టికెట్ ఒక్కటే ఖర్చు కాదు

అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైన. ఆ దారి మాకు కొత్త కాదు. సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అదును తప్పితే శెనక్కాయ చేను చేతికి రాదు. చేను చేతికి రాని ఏడు ఊరు సగం ఆ దారినే బెంగళూరు పోతుంది. చేను లేనివాళ్లు వాన పడినా పోతారు. మా కాలనీలో చేను లేనివాళ్లే ఎక్కువ. కాబట్టి బెంగళూరు మాకు దూరం కాదు. మేం పోయేది పనికి. చూడ్డానికి కాదు. అదే తేడా.

ఆ రోజు మేం వేసుకున్న లెక్క ఇది. మ్యాచ్ రాత్రి ఏడున్నరకు. అంటే మంగళవారం పొద్దున బయల్దేరాలి, బుధవారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. అప్పటికి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 272 రూపాయలు. ఇద్దరికి రెండు రోజుల కూలి లెక్కేసినా 1,088. అక్కకూ బావకూ ఒక పూట పని పోయింది. బేల్దారి పనిలో పూట పని పోవడం అంటే డబ్బు ఒక్కటే కాదు, మర్నాడు మేస్త్రి పిలుస్తాడా లేదా అన్న భయం కూడా. బస్సు చార్జీలు వేరే. లాడ్జి మా లెక్కలోకే రాలేదు. అక్కావాళ్ల రేకుల షెడ్డులో ఆరుగురం పడుకున్నాం. తిండికి ఇంటి నుంచి చిత్రాన్నం, శెనక్కాయల చట్నీ కట్టుకుపోయాం.

నెల జీతం వచ్చే కుటుంబానికి ఇందులో టికెట్ ఖరీదు తప్ప మిగతాది లెక్కలోకి రాదు. వాళ్లు సెలవు పెడతారు, జీతం ఆగదు. మాకు సెలవు అన్న మాటే లేదు. పనికి పోని రోజు ఉంది, అంతే. ఆట చూడ్డానికి 'తీరిక' కావాలంటారు. తీరిక కూడా భూమిలాంటిదే. ఈ దేశంలో అది కొన్ని కులాల దగ్గరే పోగుపడింది. పొలం, ఉద్యోగం, ఇల్లు ఉన్నవాళ్లకు తీరిక వారసత్వంగా వస్తుంది. మాకు తీరిక దొరికేది పని దొరకనప్పుడే. అప్పుడు చేతిలో డబ్బు ఉండదు.

గ్యాలరీలో మూడు గంటలు

అయినా పోయాం. పోయినందుకు ఏం చూశామో కూడా చెప్పాలి.

పద్నాలుగో నిమిషంలో కువైట్ గోల్ కొట్టింది. మొదటి సగం ముగిసేలోపే ఛాంగ్తే సమం చేశాడు. ఆ గోల్‌కు మా ముందు వరుసలో ఉన్న ఎవరో పెద్దాయన వెనక్కి తిరిగి అమ్మ చేతులు పట్టుకుని ఊపేశాడు. అమ్మ బిత్తరపోయింది. మా ఊళ్లో ఆ వయసు పరాయి మనిషి, అదీ పై కులం మనిషి, ఆమె చేయి తాకడం ఎన్నడూ జరగలేదు. కూలి డబ్బులు కూడా పైనుంచి దోసిట్లోకి పడేయించుకున్న తరం ఆమెది. ఆయన కులం మాకు తెలియదు. మా కులం ఆయనకు తెలియదు. గోల్ పడింది, ఇద్దరూ గెంతారు.

స్టాండులో కుర్రాళ్లు డ్రమ్ములు వాయిస్తున్నారు. బావ చేతులు ఊరుకోలేదు, ముందు కుర్చీ వెనక మీద దరువు వేశాడు. బావ వాళ్ల నాయన ఊరి జాతరకు, చావుకు డప్పు కొట్టాల్సి వచ్చేది. రానంటే తగాదా అయ్యేది. ఇక్కడ కొట్టమని ఎవరూ ఆజ్ఞ వేయలేదు. కొట్టాలనిపించి కొట్టాడు. ఆ తేడా ఏమిటో మన చదువరులకు విడమరిచి చెప్పక్కర్లేదు.

అదనపు సమయంలోనూ స్కోరు మారలేదు. పెనాల్టీలు వచ్చాయి. అయిదేసి తన్నులకు 4-4. ఆరో దాన్ని మహేశ్ సింగ్ లోపల వేశాడు. కువైట్ కెప్టెన్ తన్నిన బంతిని గుర్‌ప్రీత్ ఆపేశాడు. 5-4తో భారత్‌కు తొమ్మిదో శాఫ్ కప్. పాప గొంతు పోయింది.

తర్వాత పతకాలు ఇచ్చేటప్పుడు మిడ్‌ఫీల్డర్ జీక్సన్ సింగ్ ఏడు రంగుల జెండా ఒకటి భుజాల మీద కప్పుకుని వచ్చాడు. మణిపూర్ తగలబడటం మొదలై అప్పటికి రెండు నెలలు. అది మైతేయీల జెండా అనీ, ఒక పక్షం వహించడమేననీ విమర్శ వచ్చింది. శాంతి కోసం, తన రాష్ట్రం వైపు దేశం చూడ్డం కోసం కప్పుకున్నానని అతను చెప్పాడు. కుకీ ప్రజల గాయం వైపు నుంచి చూస్తే ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. మేం గమనించింది మరొకటి. మైదానంలో రాజకీయాలు వద్దంటారు. కానీ మైదానంలోకి దిగే ప్రతి పిల్లవాడూ తన ఊరిని వెంటబెట్టుకునే వస్తాడు. ఎవరి ఊరు ప్రశాంతంగా ఉంటే వాళ్లకే 'ఆట ఆటే' అనే సౌకర్యం.

రాజ్యాంగం చెప్పింది, చెప్పనిది

అక్క గేటు దగ్గర అడిగిన ప్రశ్నకు రాజ్యాంగంలో జవాబుంది. 15(2) అధికరణ ప్రకారం కులం, మతం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుణ్నీ దుకాణాలు, హోటళ్లు, బహిరంగ వినోద స్థలాల్లోకి రాకుండా ఆపకూడదు. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లతో పాటు వినోద స్థలాన్ని కూడా రాజ్యాంగం అదే వరుసలో చేర్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, బహిరంగ వినోద స్థలంలోకి రానివ్వకుండా అడ్డుకోవడాన్ని నేరంగా పేర్కొంది.

వినోదాన్ని నీళ్ల పక్కన ఎందుకు పెట్టారు? 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్లు తాగింది దాహం తీర్చుకోవడానికే కాదు. ఆ చెరువు తాగకపోతే చచ్చిపోయేవాళ్లం కాదనీ, మేమూ మనుషులమేనని నిలబెట్టుకోవడానికే వచ్చామనీ ఆనాడే చెప్పారు. గ్యాలరీ కూడా అలాంటిదే. మ్యాచ్ చూడకపోతే ఎవరూ చావరు. కానీ నలుగురూ సంతోషించే చోట మనమూ కూర్చుని సంతోషించడం పౌరసత్వంలో భాగం.

చట్టం తలుపు తెరిచి ఉంచమంటుంది. తలుపు దాకా రావడానికి అయ్యే రెండు రోజుల కూలి గురించి మాట్లాడదు. అందుకే అక్క పన్నెండేళ్లు ఆ తలుపు ముందు నుంచి పోయి కూడా లోపలికి పోలేదు. ఎవరూ ఆపలేదు. ఆపాల్సిన అవసరమే రాలేదు.

ఆడే బిడ్డ, చూడలేని తల్లి

ప్రేక్షకుల సంగతి అలా ఉంచి, ఆడేవాళ్ల ఇళ్ల వైపు చూద్దాం.

2022 అక్టోబరులో మన దేశంలోనే అండర్-17 అమ్మాయిల ప్రపంచకప్ జరిగింది. భారత జట్టు కెప్టెన్ అష్టం ఒరాన్, ఝార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ బిడ్డ. ఆమె పేరు మీద ఆ ఊరికి రోడ్డు వేయాలని అధికారులు నిర్ణయించారు. ఆ రోడ్డు పనిలో కూలి చేసింది ఎవరో కాదు, ఆమె అమ్మానాన్నలే. పత్రికలు రాసిన ప్రకారం రోజుకు 250 రూపాయల కూలి. కూతురి ఆట చూడ్డానికి ఇంట్లో టీవీ లేకపోతే అధికారులే అప్పటికప్పుడు పెట్టించారు. అక్టోబరు 11న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో భారత్ అమెరికాతో ఆడి 0-8తో ఓడింది. దేశమంతా స్కోరు మాట్లాడుకుంది. మేం ఆ రోడ్డు గురించి మాట్లాడుకున్నాం. బిడ్డ పేరు పెట్టే రోడ్డుకు తల్లి రాళ్లు మోస్తుంది. అదే బిడ్డ కెప్టెన్‌గా నడిచొచ్చే స్టేడియంలో ఆ తల్లికి ఒక కుర్చీ వేసి, రైలు టికెట్ పంపాలన్న ఆలోచన మన వ్యవస్థకు ముందుగా రాదు.

ఇంట్లో కూర్చుని చూసినా దళిత కుటుంబానికి నెమ్మది ఉంటుందా? 2021 ఆగస్టు, టోక్యో ఒలింపిక్స్. అమ్మాయిల హాకీ సెమీఫైనల్లో భారత్ అర్జెంటీనా చేతిలో ఓడిన రోజు, హరిద్వార్ జిల్లా రోష్నాబాద్‌లో వందనా కటారియా ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చారు, నాట్యం చేశారు. జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిందని కులం పేరుతో తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది. అంతకు కొద్ది రోజుల ముందే ఆమె దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే కులం బిడ్డ. కుటుంబంతో కూర్చుని మ్యాచ్ చూడటం అనే మామూలు విషయం కూడా మనకు ఎంత మామూలు కాదో దీన్ని బట్టి తెలుస్తుంది.

స్టేడియం కట్టినవాళ్లు

తెలుగువాళ్లకు ప్రపంచకప్‌తో ఉన్న అతి దగ్గరి సంబంధం ఆటది కాదు, కూలిది. 2022 ఖతార్ ప్రపంచకప్‌కు ముందు కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి ఎందరో అక్కడి నిర్మాణాల్లో పనికి పోయారు. ప్రపంచకప్ ఖతార్‌కు ఖరారైన 2010 నుంచి పదేళ్లలో ఆ దేశంలో దక్షిణాసియా వలసజీవులు 6,500 మందికి పైగా చనిపోయారని, వాళ్లలో భారతీయులు 2,711 మంది అని గార్డియన్ పత్రిక 2021 ఫిబ్రవరిలో రాసింది. అవన్నీ స్టేడియం పనుల్లో జరిగిన మరణాలు కావు. ఎవరు ఏ పనిలో ఎందుకు చనిపోయారో విడదీసి చెప్పే లెక్క ఎవరూ ఉంచకపోవడమే అసలు నేరం. టోర్నీ నిర్వాహకుల్లో ముఖ్యుడే 2022 నవంబరులో ఒక ఇంటర్వ్యూలో టోర్నీకి సంబంధించిన పనుల్లో 400 నుంచి 500 మంది పోయి ఉంటారని అన్నాడు. వంద మంది మనుషులు అటూ ఇటూ తేడాగా చెప్పగలిగే లెక్క అది.

టోర్నీ మొదలయ్యాక చాలామంది వలస కూలీలు దోహా శివార్లలోని ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెట్టిన పెద్ద తెర మీద మ్యాచ్‌లు చూశారు. అక్కడ నివసించేవాళ్లకు 40 రియాళ్ల టికెట్లు కొన్ని ఉంచిన మాట నిజమే. కొందరు కూలీలు లోపలికి పోయి చూశారు కూడా. అయినా కట్టినవాళ్లకు తెర, కొన్నవాళ్లకు గడ్డి అన్న విభజన చూసినప్పుడు మా ఊరి టీ కొట్టు, రెండు గ్లాసులు గుర్తొచ్చాయి.

ఈ ఏడాది ప్రపంచకప్‌కు ఫిఫా గిరాకీని బట్టి టికెట్ ధర మార్చే పద్ధతిని తొలిసారి తెచ్చింది. ఫైనల్ న్యూజెర్సీలో. అక్కడ మన తెలుగువాళ్లు బోలెడుమంది. కుటుంబాలతో పోయి చూస్తారు, సంతోషమే. ఏ తెలుగువాళ్లు న్యూజెర్సీ చేరారు, ఏ తెలుగువాళ్లు దోహా చేరారు అన్నది మాత్రం ఆలోచించండి. అది భూమి, చదువు, కులం గీసిన గీత.

మా కరువు నేల మీద బంతి

అనంతపురం ఫుట్‌బాల్‌కు కొత్త కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్, ఆన్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ ఇక్కడ దళితవాడల్లో ఇళ్లు, బడులు, ఆస్పత్రులతో పాటు మైదానాలు కూడా కట్టింది. పట్నం అంచున ఉన్న క్రీడాగ్రామంలో పల్లెల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బంతి తన్నడం నేర్చుకున్నారు. స్పెయిన్‌కు చెందిన లా లిగా అక్కడి శిక్షణలో చేయి కలిపింది. ఆ గడ్డి మీదే 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు కూడా జరిగాయి. మా పాపకు బంతి మీద మోజు పుట్టింది ఆ గాలి వల్లే.

2025లో ఆర్డీటీకి విదేశీ నిధుల అనుమతి రెన్యువల్ ఆగిపోయినప్పుడు జిల్లా జనం రోడ్డెక్కారు. ఆ ఆందోళనలో మేమూ నడిచాం. నడుస్తూ ఒక విషయం ఆలోచించాం. ఎక్కడో ఒక దఫ్తరులో ఒక కాగితం ఆగితే మా పిల్లల ఆట ఆగిపోయే పరిస్థితి ఎందుకొచ్చింది? ఆటను మనం ఒక సంస్థ దయగా అందుకున్నాం తప్ప ప్రభుత్వం నుంచి హక్కుగా అడగలేదు. సంస్థ మంచిదే. కానీ దయకు రెన్యువల్ తేదీ ఉంటుంది.

ప్రభుత్వం ఆటల పేరుతో ఏమీ చేయలేదని అనం. 2023 డిసెంబరు 26న 'ఆడుదాం ఆంధ్రా' మొదలైంది. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. అయిదు ఆటలు. ఫుట్‌బాల్ లేదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువమంది ఆడే ఆట, ఒక్క బంతి ఉంటే ఇరవై రెండు మంది పేదపిల్లలు ఆడుకోగల ఆట, ఆ జాబితాలో లేదు. ఫుట్‌బాల్‌లో ఈ జిల్లాకు ఇంత పేరున్నా లేదు.

తెలుగు నేలకు ఇది పరాయి ఆటేమీ కాదు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు బడిపంతులు. మెల్‌బోర్న్‌లో, జకార్తాలో ఆడిన తులసీదాస్ బలరాం సికిందరాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింట్లో పుట్టినవాడు. ఆ పరంపర ఇప్పుడు నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి భారత జట్టుకు ఆడుతున్న గుగులోత్ సౌమ్య దాకా వచ్చింది. 2024లో గచ్చిబౌలి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్, ఆ నవంబరు 18న మలేషియాతో మ్యాచ్ జరిగాయి. అంతర్జాతీయ మ్యాచ్ మళ్లీ తెలుగు గడ్డ మీదికి వచ్చింది. అమ్ముగూడలాంటి వాడల పిల్లలు, సౌమ్య తండాలాంటి తండాల తల్లులు ఎంతమంది ఆ గ్యాలరీల్లో కూర్చున్నారు?

మనం అడగాల్సినవి

ఇది కన్నీళ్ల వ్యాసం కాదు కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా చెబుతాం.

ఒకటి. రాష్ట్రంలో అంతర్జాతీయ మ్యాచ్ జరిగినప్పుడు ప్రభుత్వ స్టేడియంలో కొన్ని సీట్లు సంక్షేమ హాస్టళ్లు, గురుకులాల పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఉంచాలి, రానుపోను బస్సుతో సహా. పిల్లల్ని మాత్రమే తీసుకుపోతే చాలదు. తల్లి చూసిన ఆటను ఆడపిల్లకు వద్దనే తల్లి తక్కువ.

రెండు. 2013 ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం కింద వచ్చే డబ్బుతో కాలనీలను ఆనుకుని మైదానాలు అడగాలి. మా ఊళ్లో బడి మైదానం ఊరి వైపు ఉంది. సాయంత్రం ఊరి పిల్లలు క్రికెట్ ఆడుకుంటే మా పిల్లలు బౌండరీ అవతల బంతి అందిస్తారు. మైదానం ఎటు వైపు ఉందన్నది కూడా కులం ప్రశ్నే.

మూడు. రాష్ట్ర క్రీడోత్సవాల్లో ఫుట్‌బాల్‌ను చేర్చాలి, ఆడపిల్లల జట్లతో సహా.

నాలుగు. విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ హాస్టల్లో, మీ వాడలో ఎవరు జీవితంలో ఒక్కసారైనా స్టేడియం లోపల కూర్చున్నారో అడిగి రాయండి. ఎవరూ రాయని లెక్క అది. ఖతార్ నేర్పిన పాఠం ఇదే. మన లెక్క మనమే ఉంచుకోకపోతే మనం లేనట్టే.

ఆ రాత్రి మ్యాచ్ అయ్యాక బయటికొచ్చేసరికి పదిన్నర దాటింది. రేకుల షెడ్డు చేరేసరికి పన్నెండు. అమ్మ నిద్రపోలేదు. పొద్దున బస్సులో అడిగింది: "ఆ పసుపు చొక్కా పిల్లోడు గోల్ కాడ నిలబడినాడే, వాళ్లమ్మ కూడా వచ్చింటాదా?" మాకు తెలియదన్నాం. కాసేపు కిటికీలోంచి చూసి, పాప వైపు తిరిగింది. "నువ్వు ఆడేటప్పుడు నన్ను పిల్చకపోతివనుకో, ఊరుకోను" అంది.

అక్క ప్రశ్న 'పోనిస్తారా' అని. అమ్మది పిలవకపోతే ఊరుకోనని. అక్క మాట నుంచి అమ్మ మాట దాకా మా కుటుంబానికి ఒక్క రాత్రి పట్టింది. మన వాడలన్నీ ఆ దూరం నడవాలి.